ఇస్త్రీ చొక్కాలో నాన్న

ఆర్ట్ కాలేజీ పరీక్షకు బొమ్మ గీయాలని కూతురు తండ్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ప్రెస్సులో కాగితాలు కోసే మిషన్ మీద పనిచేసే మనిషి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మీసానికి రంగేసుకుని మరీ కూర్చున్నాడు.

"ఎడంచెయ్యి జేబులోంచి తియ్యి నాన్నా."

"మొహం గీస్తూ చేత్తో పనేంటమ్మా?"

"తియ్యమన్నానా! ఒళ్ళో పెట్టుకో. మూడు వేళ్ళూ కనపడాలి."

"పోయిన రెండూ కూడా గీసెయ్యరాదూ? పెన్సిలేగా, నీ సొమ్మేం పోయింది?"

"లేనివి గీస్తే మార్కులు పోతాయి."

"నీ ఫీజు కోసం ఓవర్‌టైం చేసిన రోజే పోయాయవి. మీ సారుకి చెప్పావా?"

"చెప్పాను. విని, ఇదే గియ్యమన్నారు. క్లాసులో ఇంకెవరింట్లోనూ ఇలాంటి చెయ్యి లేదట."

"సర్లే. మీసం మాత్రం ఒత్తుగా రావాలి. రేపు మీ బొమ్మలు అందరికీ చూపిస్తారుగా, మా ప్రెస్సు వాళ్ళందర్నీ తీసుకొస్తున్నా. కాలేజీ గోడ మీద నా మొహం చూద్దురుగాని రండని వారం నుంచీ ఊరిస్తున్నా."

"కదలకు నాన్నా."

రెండు గంటల తర్వాత ఆమె బోర్డు ఇటు తిప్పింది.

"చెయ్యొక్కటే ఉందేంటమ్మా? మొహమేది?"

"మొహం అందరికీ ఉండేదేగా."

"మరి పొద్దున్నే గడ్డం గీయించుకోమన్నావు, ఈ చొక్కా వేసుకోమన్నావు?"

"లేకపోతే ఇంతసేపు కూర్చునేవాడివా?"

ఆయన చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"మావాళ్ళని రావద్దని చెప్పేస్తాలేమ్మా."

"రానీ నాన్నా. నువ్వూ రా. బొమ్మ పక్కన చెయ్యి పెట్టి నిలబడితే, సరిగ్గా వచ్చిందో లేదో సారు పోల్చి చూసుకుంటారు."