లండన్ దాకా పోయిన అర్జీ

పులివెందుల తాలూకా ఆఫీసు ఎదుట, ఖాదర్ టీ అంగడి పంచలో అర్జీలు రాసే ఈశ్వరయ్య రాతబల్ల ముందు కూర్చున్నాడంటే, ఆ పూట కాగితం ఒకటి, కథలు పది అని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. లింగాల పక్క పల్లె నుంచి వచ్చిన జానీబీకి మాత్రం తెలియదు. తెలిసుంటే ఇంకాస్త పొద్దున్నే బయలుదేరేది.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. తాలూకాలో జమాబందీ జరుగుతోంది. జమాబందీ అంటే, పై ఆఫీసరు ఏడాదికొకసారి తాలూకాకు వచ్చి కూర్చుని, ఊరూరి దస్త్రాలు చూసి, జనం చేతి అర్జీలు తన చేత్తో తీసుకోవడం. అది చివరి రోజు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆఫీసరు జీపెక్కి జమ్మలమడుగు పోతాడు. మళ్లీ వచ్చేది వచ్చే ఏడే.

జానీబీ పరుపులు కుట్టే మనిషి. వాళ్ల పల్లెలో బావి ఎండి నెలయింది. ఆడవాళ్లు కడవలెత్తుకుని రెండు మైళ్లు నడుస్తున్నారు. ఆఫీసరు దస్కత్తు లేకుండా ఊళ్లో అడుగుపెట్టనని ఆ ఎండిన బావి గట్టు మీద నిలబడి అందరి ముందరా చెప్పి వచ్చింది.

"రాస్తాండావా మామా?" అని అడిగింది, మూడోసారి.

"రాస్తాండా మ్మే. నా నోరు కథ చెప్తాంటుంది, నా చెయ్యి అర్జీ రాస్తాంటుంది. రెండూ వేరే వేరే ఆఫీసులు" అన్నాడు ఈశ్వరయ్య. నిజంగానే చెయ్యి కాగితం మీద పరుగెత్తుతోంది. రెండో పేజీ కూడా నిండింది. "ఇంగ్లీషు అర్జీ అంటే ఏమనుకున్నావు? నేను రాసిన అర్జీ ఒకటి చాపాడు నుంచి పోయింది, యాడ దాకా పోయిందో తెలుసునా?"

"ప్రొద్దుటూరు దాకా పోయింటుంది" అన్నాడు లక్ష్మీనరసయ్య. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి, ఏదో సర్టిఫికెట్టు కోసం వచ్చి ఆ పంచలోనే చిక్కుకుపోయాడు.

"ప్రొద్దుటూరా! ఇనుకో శెట్టీ. చాపాడు రైతులు బండ్లు వాగు దాటేదానికి మోరీ కావాల్నని నా దగ్గరికొచ్చిరి. చిన్న పనే. మామూలు గుమాస్తా అయితే నాలుగు ముక్కలు రాసి పారేసేవాడు. నేను రాయల్యా. ఇంగ్లీషులో 'ఇంగ్' అని ఒకటుంది, అది బండి అనుకో. మనం 'వస్తా వస్తా, పోతా పోతా, విన్నవించుకుంటా' అంటామే, అట్లాంటిది. వట్టి బండి కదలదు గదా? దాని ముందర 'లీ' అనే ఎద్దును కట్టాల. హంబ్లీ సబ్మిటింగ్! చూడు, కదిలింది. వెనకాల 'దట్' అని ఒక కొక్కి తగిలిచ్చాల. కొక్కి ఎందుకు?"

"ఎందుకు?" అన్నాడు ఖాదర్, టీ వడపోస్తూ.

"ఇంకో బండిని తగిలిచ్చేదానికి! హంబ్లీ సబ్మిటింగ్ దట్, రెస్పెక్ట్‌ఫుల్లీ బెగ్గింగ్ దట్, టియర్‌ఫుల్లీ నోయింగ్ దట్... ముద్దనూరు స్టేషన్లో గూడ్సు బండి చూసినావే, అట్ల పోతాంటుంది. ఫుల్‌స్టాపు పెడితే బండి ఆగిపోతుంది. నేను పెట్టల్యా."

జానీబీకి తన సూది గుర్తుకొచ్చింది. ముడి వేయకుండా ఎంత పొడుగు కుట్టినా, చివర పట్టి లాగితే దారమంతా ఊడి వస్తుంది. కానీ చదువుకున్నవాళ్ల పని వేరేగా ఉంటుందేమో అనుకుని ఊరుకుంది.

"ప్రొద్దుటూరు తాసీల్దారు పొద్దున పదింటికి చదవడం మొదలుపెట్టినాడు" అన్నాడు ఈశ్వరయ్య. "ఫుల్‌స్టాపు లేంది ఊపిరి తీసుకోగూడదని ఆయనకు చిన్నప్పుడు మాస్టరు నేర్పిండె. పాపం, తీసుకోల్యా. మొగం ఎర్రబడె, కండ్లు తేలబడె, బంట్రోతులు ఇద్దరు విసరబట్టిరి, గోలీసోడా నోట్లో పోస్తే చదువుతానే మింగె. కడాకు ఏమన్నాడో తెలుసునా? 'ఇది నా చేతిలో పని కాదు, కలెక్టరు దగ్గరికి పంపండి' అన్నాడు."

"బతికినాడు గదా?" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"బతికినాడు, కానీ ఆ పొద్దు నుంచి ఏది మాట్లాడినా ఆపలేడు. సరే, కడప కలెక్టరు. ఆయనకు నడుస్తా చదివే అలవాటు. బంగళాలో 'హంబ్లీ' కాడ మొదలుపెట్టి, 'దట్' అని ఒక అడుగు, 'దట్' అని ఇంకో అడుగు... ముగిసిందిరా దేవుడా అని తలెత్తి చూస్తే ఎదురుగా ఒంటిమిట్ట గోపురం!"

ఖాదర్ చేతిలో గ్లాసు ఒలికింది. "పదిహేను మైళ్లప్పా!"

"ఆయన్నే అడుగు. చెప్పులు యాడ తెగినాయో కూడా ఆయనకు తెలీదు. 'ఇంత గొప్పది నా చేతిలో ఉండగూడదు' అని కర్నూలుకు పంపినాడు. కర్నూల్లో ఆఫీసులన్నీ గుడారాల్లో గదా? నా అర్జీ పోయిన పొద్దే గాలివాన. పెద్ద గుడారం తాడు పుటుక్కుమనె. ఫైళ్లు ఎగిరిపోతాండాయి, గుమాస్తాలు ఎగిరిపోతాండారు. ఒక తెలివైన సెక్రెటరీ నా వాక్యాన్ని అందుకున్నాడు. 'హంబ్లీ'ని తీసకపోయి ఈ గుంజకు కట్టె, చివరి 'దట్'ను ఆ గుంజకు కట్టె. గుడారం నిలిచింది! ఆంధ్ర రాష్ట్రం ఆ పొద్దు దేని మీద నిలబడిందప్పా అంటే, ఈ ఈశ్వరయ్య ఇంగ్లీషు మీద!"

అవతల బెంచీ మీదున్న రైతులిద్దరు చప్పట్లు కొట్టారు. ఈశ్వరయ్య చెయ్యి మూడో పేజీ దాటి నాలుగో పేజీలోకి దూకింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఢిల్లీ. గుంతకల్లులో రైలు మార్చేటప్పుడు వాక్యం ఒక పెట్టెలో పట్టక, తోక బయటికి ఏలాడితే గార్డు దాన్ని పచ్చజెండా అనుకోని ఊపినాడు. ఢిల్లీ పెద్దలు చూసి 'దీని సంగతి ఇంగ్లీషోళ్లకే తెలియాల' అని ఓడెక్కిచ్చిరి. లండన్లో తొమ్మండుగురు ప్రొఫెసర్లు, తొమ్మండుగురికీ తెల్ల గడ్డాలే, బల్ల సుట్టూ కూర్చోని మూడు దినాలు చదివిరి. ఆ మూడు దినాలు లండన్లో ఎవురూ ఫుల్‌స్టాపు పెట్టల్యా, గౌరవంగా! అందరికంటే ముసలాయన టోపీ తీసి, 'మా భాషను మేమే ఇన్నేండ్లు కురచ చేసి వాడుకుంటిమే' అని ఏడ్చినాడు."

"ఇంతకీ చాపాడుకు మోరీ కట్టినారా?" అన్నాడు లక్ష్మీనరసయ్య.

"నేను ఇంగ్లీషు సంగతి చెప్తాంటే నువ్వు మోరీ అంటావేంది శెట్టీ!"

అప్పుడే ఆఫీసు మెట్ల మీద డవాలా బంట్రోతు నిలబడి, "అర్జీలుంటే తెండి, అయ్యగారు లేస్తాండారు!" అని కేక వేశాడు.

ఈశ్వరయ్య నాలుగు పేజీలూ సర్ది, సిరా దిండు జానీబీ ముందుకు తోశాడు. "వెయ్యి మ్మే వేలు. లండన్ సరుకు ఇది."

జానీబీ వేలు మడిచి పెట్టుకుంది. "చదివి చెప్పు మామా."

అది అక్కడి పద్ధతి. చదువు రానివాళ్లకు అర్జీని తెలుగులో చదివి వినిపించి, వినిపించానని కింద రాతగాడు సంతకం చేస్తేనే ఆ వేలిముద్ర చెల్లుతుంది. ఈశ్వరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అణకువగా విన్నవించుకుంటా, తమరు దయగల దొరలని గట్టిగా నమ్ముకుంటా, మా పల్లె లింగాల పక్కన ఉండాదని వినయంగా తెలియజేసుకుంటా, ఈ ఏడు ఎండలు శానా ఎక్కువని కన్నీళ్లతో గమనిస్తా, తమరి బిడ్డలు సల్లగుండాల్నని రేయింబగళ్లు కోరుకుంటా, తమరి జీపు సుఖంగా జమ్మలమడుగు చేరాల్నని మనసారా మొక్కుకుంటా..." అట్లా నాలుగు పేజీలూ గబగబా చదివి, కాగితం దించాడు.

"ఆపితివేంది? తర్వాత?"

"తర్వాత నీ వేలిముద్ర."

"బావి యాడ మామా?"

ఈశ్వరయ్య నాలుగో పేజీ చూశాడు. మూడో పేజీ చూశాడు. మొదటి పేజీకి పోయి మళ్లీ వచ్చాడు.

"లోపల్నే ఉంటుందిలే మ్మే" అన్నాడు చిన్నగా.

"అయితే దీన్ని కూడా తవ్వాల్నా?"

ఖాదర్ పొయ్యి మీద పడేంత నవ్వాడు. జానీబీ నవ్వలేదు. మెట్ల మీద బంట్రోతు వెనక్కి తిరుగుతున్నాడు. బావి గట్టు మీద తన మాట విన్న ఆడవాళ్ల మొహాలు కళ్లముందు నిలబడ్డాయి. కాగితం పక్కన ఖాళీగా ఉన్న అంచు మీద వేలు పెట్టింది. "ఈడ రాయి. మా ఊరి బావి ఎండింది. ఇంకో రెండు నిలువులు లోతు తీపిచ్చండి."

"తెలుగులో రాస్తే నా పరువేం గావాల?"

"నా వేలిముద్ర ఏ భాషలో పడతాది మామా? బిరీన రాయి."

రాశాడు. సంతకం చేశాడు. ఆమె వేలు ఒత్తి, కాగితాలు లాక్కుని, కొంగు నడుముకు దోపి, ఆ మెట్లు పడుచుపిల్ల మాదిరి ఎక్కింది.

లోపల ఆఫీసరు టోపీ పెట్టుకుని నిలబడే ఉన్నాడు. మొదటి పేజీ తిప్పాడు. రెండోది, మూడోది తిప్పాడు. నాలుగో పేజీలో అడ్డంగా రాసిన ఆ రెండు ముక్కల దగ్గర చూపు ఆగింది.

"ఎన్ని ఇండ్లమ్మా?"

"అరవై సామీ. నెల దినాలుగా రెండు మైళ్లు నడుస్తాండాము."

కలం తీసి అక్కడే, నిలబడే ఉత్తర్వు రాసి దస్కత్తు చేశాడు. వారంలో ఓవర్సీరు వచ్చి పని మొదలుపెట్టాలని గుమాస్తాకు గట్టిగా చెప్పాడు.

జానీబీ గుమాస్తా తీసిచ్చిన నకలును జెండాలాగా పైకెత్తి పట్టుకుని వస్తుంటే పంచలో వాళ్లంతా లేచి నిలబడ్డారు. "అయిందా?" అంటే "అయింది!" అంది. లక్ష్మీనరసయ్య అందరికీ టీ చెప్పాడు.

ఈశ్వరయ్య రొమ్ము విరిచాడు. "చూస్తిరా! ఒక్క నిమిషంలో! నాలుగు పేజీల ఇంగ్లీషు దెబ్బ అంటే అట్లుంటాది. లండన్లో మూడు దినాలు పట్టిందానికి పులివెందల్లో..."

"ఒక్క అక్షరం చదవల్యా మామా ఆయన" అంది జానీబీ. "పేజీలు తిప్పి, అంచుకున్న రెండు ముక్కలు చూసినాడు, అంతే." టీ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, ఇంకో గుక్క తాగి, మెల్లగా అంది:

"నీ చాపాడు అర్జీ లండన్ దాకా ఎందుకు పోయిందో నాకిప్పుడు తెలిసింది. దావలో ఒక్కరికన్నా ఆ చాపాడోళ్లకు ఏం కావాల్నో తెలిసింటే, ప్రొద్దుటూర్లోనే నిలిచిపోయిండేది."