నది దాటిన గుండు

మకరెనా వాళ్ళింటికి నేను మా నాన్నని మొదటిసారి భోజనానికి తీసుకెళ్ళింది మంచి జనవరి ఎండల్లో, ఒక ఆదివారం. మా దగ్గర జనవరి అంటే నడివేసవి. మా ఇద్దరి పెళ్ళి మాట కదపడానికే ఆ భోజనం. పైసాందూ ఊళ్ళో నది ఒడ్డున ఇల్లు వాళ్ళది, అవతలి ఒడ్డు అర్జెంటీనా. పెరట్లో నిమ్మచెట్టు కింద బల్ల వేశారు. మకరెనా నాన్న వాల్దెమార్ నిప్పుల ముందు నిలబడి మాంసం కాలుస్తున్నాడు. వాళ్ళమ్మ నెలిదా పెరట్లో కాసిన బుట్టమిరపకాయల్ని కోసుకొచ్చి, నిలువునా చీల్చి, ఒక్కోదాంట్లో గుడ్డు కొట్టి పోసి గ్రిల్ చివర సర్దుతోంది. బల్ల కింద నీడలో పొలెంతా అని ఒక పసుపు పిల్లి. బాగా బలిసిన పిల్లి.

మకరెనాకి ఒక భయం ఉంది. "మా నాన్న మంచివాడే రమీరో, కానీ నోరు తెరిస్తే కోతలు. మీ నాన్న ఏమనుకుంటాడో" అని వారం నుంచీ నస. నా భయం వేరు. మా నాన్న బౌదిలియో అసలు నోరే తెరవడు. పిండిమిల్లు దగ్గర లారీలు తూకం వేసే ఉద్యోగం ఆయనది. అమ్మ ఉన్నన్నాళ్ళూ బాగానే మాట్లాడేవాడు. అమ్మ పోయాక మాటలన్నీ ఎక్కడో దాచేసుకున్నాడు. ఏమడిగినా "ఊఁ" అంటాడు. చాలాసార్లు అదీ అనడు.

మకరెనా టీలా తాగే మతే ఆకు నింపిన బుర్రలో వేడినీళ్ళు పోసి మా నాన్న చేతికిచ్చింది. ఆయన గొట్టం నోట్లో పెట్టుకుని నది వైపు చూస్తూ కూర్చున్నాడు. నిప్పుల మీద కొవ్వు పడి చుయ్యిమంటోంది. ఆ నిశ్శబ్దాన్ని వాల్దెమార్ తట్టుకోలేకపోయాడు.

"గోడకి ఆ ఎయిర్ గన్ చూశారా బావగారూ?" అన్నాడు. "ఏదో కాలక్షేపానికి లెండి. ఎండ దిగాక కంచె మీద ఖాళీ డబ్బాలు పేర్చుకుని కొడుతుంటాను. పది కొడితే ఎనిమిది పడతాయి."

"నాలుగు" అంది నెలిదా, వెనక్కి తిరక్కుండానే.

"గాలి ఉన్నరోజు నాలుగు. నేను గాలి లేనిరోజు సంగతి చెబుతున్నాను."

"ఊఁ" అన్నాడు మా నాన్న.

ఆ "ఊఁ"తో వాల్దెమార్‌కి తృప్తి కలగలేదని మొహంలోనే తెలిసింది. పటకారుతో, మాంసం కూరి ముడులేసిన చొరీసోలని అటూ ఇటూ దొర్లించి, గొంతు సవరించుకున్నాడు. మకరెనా బల్ల కింద నా చెయ్యి పట్టుకుంది.

"డబ్బాలదేముంది, ఎవరైనా కొడతారు. పోయిన వేసవి మా అత్తగారి పుట్టినరోజు. సాల్తో నుంచి, మెర్సెదెస్ నుంచి చుట్టాలంతా దిగిపోయారు. పొద్దున్నే వాన. మామూలు వాన కాదు బావగారూ, కప్పలు కూడా ఇక మావల్ల కాదని అరుగెక్కి కూర్చున్నాయి. కట్టెలు ఎలాగోలా లోపల పెట్టాం, అగ్గిపెట్టె మాత్రం బయట ఉండిపోయింది. తీసి చూద్దును కదా, పెట్టె తడిసి ముద్ద. లోపల ఒకే ఒక్క పుల్ల ఎలా మిగిలిందో పొడిగా మిగిలింది. పుల్ల ఉంది, గీయడానికి పెట్టె లేదు. ఇంటినిండా ఆకలితో జనం. ఏం చెయ్యాలి చెప్పండి?"

"పక్కింట్లో అడగాలి" అంది నెలిదా.

"పక్కింట్లో ఎవరూ లేరు."

"వాళ్ళు ఆ రోజు మన బల్ల దగ్గరే ఉన్నారయ్యా."

"అదే కదా నేను చెబుతున్నది, ఇంట్లో లేరు." ఆయన పటకారు దులిపాడు. "కట్టెల మీద ఆ పుల్ల నిలబెట్టాను. తుపాకీ తీసుకుని ఇదిగో ఈ నిమ్మచెట్టు దాకా వెనక్కి నడిచాను. మా అత్తగారు దణ్ణాలు పెడుతోంది. ఊపిరి బిగబట్టి పేల్చాను. గుండు పుల్ల తలకి తగిలీ తగలనట్టు రాసుకుపోయింది, అంతే. భగ్గున అంటుకుంది. ఇంకొంచెం కిందకి తగిలితే పుల్ల విరిగేది, పైకి పోతే మేమంతా ఆ రోజు పచ్చిమాంసం తినేవాళ్ళం."

మా నాన్న ఈసారి "ఊఁ" కూడా అనలేదు. తాగడం అయిపోయిన మతే బుర్ర తిరిగి ఇవ్వకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆయనకి కోపమొచ్చిందేమో అనుకున్నాను.

"మరి గాలి ఎలా చూసుకున్నావని మీరు అడగొచ్చు" అన్నాడు వాల్దెమార్. "అడగరు, పెద్దమనిషి మీరు. కానీ మనసులో అనుకుంటారు. అది నా గొప్ప కాదు. అదిగో, ఆ పొలెంతా గొప్ప. గురి పెట్టేటప్పుడు నా భుజమ్మీదెక్కి కూర్చుంటుంది. తోక నిటారుగా పెడితే గాలి లేదని. ఎడమకి వంచితే గాలి ఎడమ నుంచి. కొస ఒక్కటీ ఆడించిందంటే, కాసేపు ఆగమని. దాన్ని కాదని పేల్చి ఒక్కసారి కూడా బాగుపడలేదు నేను."

అందరం వంగి బల్ల కిందకి చూశాం. పొలెంతా ఒక కన్ను తెరిచి మమ్మల్ని చూసి, ఆవలించి, అటు తిరిగి పడుకుంది.

"ఇప్పుడు డ్యూటీలో లేదు" అన్నాడు వాల్దెమార్. "ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిప్పులు బాగా పడ్డాయి. మా అత్తగారు తన చేత్తో చేసిన చొరీసోల దండ తెచ్చి గ్రిల్ పక్కన పెట్టింది. ఇంతలో ఎక్కడ కాపు కాసిందో ఒక గద్ద, రివ్వున దిగి దండ మొత్తం ముక్కున కరుచుకుని లేచిపోయింది. మా అత్తగారు అలాగే కుర్చీలో కూలబడింది. దాన్ని కొట్టొచ్చు కదా అంటారు. కొట్టను బావగారూ. ప్రాణం ఉన్నదాన్ని దేన్నీ కొట్టను."

"అది మాత్రం నిజం" అంది నెలిదా. "వంటింట్లో ఎలుకొస్తే నన్ను పిలుస్తాడు."

"అందుకని ముడులు కొట్టాను. చొరీసోకీ చొరీసోకీ మధ్య దారం ముడి ఉంటుందా లేదా? గద్ద పైన తిరుగుతోంది, నేను కింద ఒక్కో ముడీ తెంపుతున్నాను, ఒక్కోటే వచ్చి గ్రిల్ మీద వరసగా పడుతున్నాయి. అదీ ఎలాగ, పచ్చివైపు కిందకి వచ్చేటట్టు."

"చొరీసోకి పచ్చివైపేమిటి నాన్నా?" అంది మకరెనా. నవ్వాపుకోడానికి పెదవి కొరుక్కుంటోంది.

"పైన అంతసేపు తిరిగాయి కదే, ఎండవైపు అప్పటికే కాలిపోయింది." ఆయన మా నాన్న వైపు తిరిగాడు. "ఆ గుండ్లు అక్కడితో ఆగి ఉంటే నేను మీ దగ్గర ఈ మాట ఎత్తేవాణ్ణే కాదు. ఆఖరి గుండుంది చూడండి, ముడి తెంపి ఆగలేదది. వెళ్ళి చర్చి గంటకి తగిలింది. గంట మోగింది. ఫాదర్ గారు పాపం నిద్రలోంచి లేచి పూజ మొదలెట్టేశారు, జనం కూడా వచ్చేశారు. గుండు అక్కణ్ణుంచి వంపు తిరిగి నది మీదకి పోయింది. మధ్యలో దీవి ఉందా, దీవినిండా చెట్లు. వాటి సందుల్లోంచి తప్పించుకుంటూ పోయింది."

"తుపాకీ గుండు చెట్లని ఎలా తప్పించుకుంటుందండీ?" అన్నాను. నోరు జారింది.

"ఇక్కణ్ణుంచి పొలెంతా తోక ఊపుతోందిగా బాబూ." నా అమాయకత్వానికి జాలిపడినట్టు చూశాడు. "ఎదురుగా అర్జెంటీనా ఒడ్డున ఎవరో పెద్దమనిషి నిప్పుల ముందు నిలబడి మాంసం కాల్చుకుంటున్నాడు. మనలాగే. నెత్తిన టోపీ. గుండు వెళ్ళి ఆ టోపీలో పడి ఆగింది. ఆయన ఏం చేశాడో తెలుసా? కోప్పడలేదు. టోపీ తీసి, ఇటు తిరిగి, నాకు ఊపాడు. నా కళ్ళతో నేను చూశాను బావగారూ. అటువంటి మర్యాద ఈ రోజుల్లో ఎవరికుంది?"

నెలిదా మిరపకాయలు తిప్పడం ఆపింది. మకరెనా గోళ్ళు నా అరచేతిలో దిగబడుతున్నాయి. పెళ్ళి మాట ఇంక వచ్చినట్టే అనుకున్నాను.

మా నాన్న మతే బుర్ర బల్ల మీద పెట్టాడు.

"ఊపలేదండీ" అన్నాడు.

"ఏమిటి బావగారూ?"

"టోపీ ఊపలేదు. మీ గుండు అప్పటికింకా కాలుతోంది. తీసి దులిపాను." లారీ బరువు చెప్పేటప్పుడు ఎలా చెబుతాడో అలాగే, తొణక్కుండా చెప్పాడు. "పోయిన వేసవి నేను అవతలి ఒడ్డున మా చెల్లెలింట్లో ఉన్నాను. గొర్రెపిల్లని కాలుస్తున్నాం. నెత్తిన టప్పున ఏదో పడింది. కందిరీగేమో అనుకున్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇవాళ్టిదాకా తెలీలేదు."

వాల్దెమార్ పటకారు పట్టుకునే వచ్చి మా నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మనిషి మొహం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళలో ఆయన చెప్పినదాన్ని ఒక్కరైనా ఔనన్న దాఖలా లేదు మరి.

"మీరేనా?" అన్నాడు, గొంతు తగ్గించి. "నిజంగా మీరేనా? నెలిదా, విన్నావా? అబద్ధాలకోరు, అబద్ధాలకోరు అని ఊరంతా చాటావు కదా, ఇప్పుడు విను." మళ్ళీ ఇటు తిరిగాడు. "ఇంతకీ ఆ టోపీ ఏ రంగుది బావగారూ?"

"అది మీరే చెప్పాలి బావగారూ" అన్నాడు మా నాన్న. "మీ కళ్ళతో చూశారుగా."

వాల్దెమార్ రంగు చెప్పబోయి ఆగాడు. మా నాన్న మొహంలోకి చూశాడు, పటకారు వంక చూసుకున్నాడు, మళ్ళీ మా నాన్న మొహంలోకి చూశాడు. ముందు నెలిదా నవ్వింది, చేతిలో పళ్ళెం కింద పెట్టి మరీ నవ్వింది. తర్వాత మకరెనా. చివరికి వాల్దెమార్ కూడా, బొజ్జ అదిరేలా, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మా నాన్న కాసేపు బిగబట్టి చూశాడు గానీ ఆయనవల్ల కూడా కాలేదు. అమ్మ పోయాక ఆ నవ్వు నేను వినడం అదే.

మకరెనా నా చెవి దగ్గరికి వంగి అడిగింది. "మీ అత్తయ్య అర్జెంటీనాలో ఉంటుందని నాకెప్పుడూ చెప్పలేదే?"

"నాకు అత్తయ్యే లేదు" అన్నాను. "పడవెక్కితే కళ్ళు తిరుగుతాయని నాన్న ఈ జన్మలో నది దాటలేదు."

వాల్దెమార్ మాంసంలో మంచి ముక్క చూసి మొదట మా నాన్నకే కోశాడు. కోస్తూ కోస్తూ, ఆ గొర్రెపిల్ల ఎంత బరువుందని అడుగుతున్నాడు. మా నాన్న చేతులు బాగా బారచాపి చూపిస్తున్నాడు. నెలిదా గుడ్డు ఉడికిన బుట్టమిరపకాయ ఒకటి నా పళ్ళెంలో పెట్టి, వాళ్ళిద్దరినీ ఒకసారి చూసి, నిట్టూర్చింది.

"రేపు మీకు పుట్టబోయే పిల్లలకి నిజం చెప్పేవాళ్ళెవరే మకరెనా, ఈ ఇద్దరి మధ్యా?"

పెళ్ళి మాట ఎవరు ముందు కదపాలా అని మేమిద్దరం వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాం. అది ఇలా కదిలిపోయింది. ఎవరూ కాదనలేదు.