పదిహేడో సాక్షి దర్జీ

(రాజనీతిశాస్త్ర విభాగంలో ప్రొఫెసరు గారి గది. బల్లమీద యుద్ధంలో జరిగిన ఘోరాల మీద ఆయన రాసిన పుస్తకం. ఎదురుగా సరిహద్దు దాటి వచ్చిన ఒకావిడ.)

“కాదమ్మా, ఎన్నిసార్లడిగినా అంతే. సాక్షుల సంగతి చెప్పను. నలభై మందికి మాటిచ్చాను.”

“పేరొద్దు సార్. నూటపన్నెండో పేజీలో ఉన్న పదిహేడో సాక్షి మా ఆయనేనా, కాదా? అదొక్కటి చెప్పండి.”

“మీ ఆయన ఏం చేస్తారు?”

“దర్జీ. మా ఊరంతటికీ ఆయనొక్కరే.”

“ఒక్కరా? ఒక్కరేనా?”

“ఆస్పత్రి పడకల మీంచి పదకొండు మందిని సైనికులు లాక్కుపోతుంటే చూశానని ఒక దర్జీ చెప్పినట్టు రాశారు. మొన్న సోమవారం వచ్చి మా ఆయన్ని పట్టుకుపోయారు.”

“అయ్యో! ఆ సాక్షి దర్జీ కాదమ్మా!”

“మరి?”

“ఎవరూ ఆనవాలు పట్టకుండా వృత్తి మార్చి రాస్తాం. మా పద్ధతే అంత.”

“వృత్తి ఒక్కటేనా? ఆడమనిషిని మగవాణ్ణి కూడా చేశారుగా.”

“అది... అది మీకెవరు చెప్పారు?”

“ఒకరు చెప్పాలా? ఆ ఆస్పత్రిలో నర్సుని. ఫోనులో మీతో మాట్లాడింది నేనే.”

“మీరా! ఫోనులో విన్న గొంతు, పోల్చుకోలేకపోయాను. మరి ఇందాకట్నించీ...”

“మీరు నోరు జారతారేమోనని చూశాను. జారలేదు. సంతోషం.”

“కూర్చోండమ్మా. ముందు కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు. సాక్షి ఆయన కాదు, నేనని నా పేరుతో కాగితం రాసివ్వండి. ఆయన్ని వదిలేస్తారు.”

“వదలరు. ఆయన్నీ ఉంచుకుని మిమ్మల్నీ పట్టుకుపోతారు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటివాళ్ళ గురించే చదువుతున్నాను, పాఠాలు చెబుతున్నాను. నేను మానవ హక్కుల సంఘానికి రాస్తాను, ఇవాళే...”

“ఆయన ఒప్పేసుకున్నారు సార్. అడగ్గానే ‘చెప్పింది నేనే’ అన్నారు. ఇక మీ సంఘం ఏం చేస్తుంది?”

“అయితే నేను రాసిన మాటే ఆయన్ని పట్టించిందన్నమాట.”

“లోకంలో ఇన్ని పనులుండగా దర్జీయే ఎందుకు తోచాడు మీకు?”

“ఏదో తోచింది.”

“ఏదో అంటే?”

“ఏదో... రాసేటప్పుడు చేతికొచ్చిందమ్మా.”

“ఊరికే వస్తుందా?”

“మీ రికార్డింగు నాలుగుసార్లు విన్నాను. వెనకాల కుట్టుమిషను చప్పుడు. మీరు ఏడ్చినా, మాట ఆపేసినా అది మాత్రం ఆగలేదు. చెవిలో ఉండిపోయింది. ఎవరిదని అడగాలని కూడా తోచలేదు నాకు, ఇంత చదువు చదివి! పైగా, మనిషి అంత ఘోరం చెబుతుంటే కాసేపు పని ఆపుకోలేడా అని విసుక్కున్నాను కూడా.”

“పనా? ఆ రోజు ఆ మిషన్లో గుడ్డే లేదు సార్. నా మాట పక్కింటికి వినబడకూడదని గంటసేపు ఉత్తినే తొక్కుతూ కూర్చున్నారు.”