సున్నా డిగ్రీల ఆవిరి

కాదు బాబూ, నేను కూర్చోవడానికి రాలేదు. ఆ కుర్చీ ఇంకెవరికైనా వెయ్యండి. ఒక్క మాటకి జవాబు చెప్పండి చాలు. సున్నా డిగ్రీల చలిలో నీళ్ళు ఆవిరిగా ఉంటాయా, ఉండవా?

అలా పక్క బల్ల వైపు చూస్తారేం? పొద్దున ఆయన్నీ ఇదే అడిగాను. ఆయనే మీ దగ్గరికి పొమ్మన్నాడు.

ఈ డబ్బా ఏమిటా? అయ్యో, లంచం కాదు బాబూ! కింద కాపలా ఆయన కూడా మీలాగే మొహం పెట్టాడు. బిస్కెట్లు. పండక్కి చేస్తామే, నుషాదిర్ పొడి వేసి, అవి. మీ అమ్మగారు చెయ్యరూ? పొయ్యి తలుపు తియ్యగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత ఘాటు కొడుతుంది చూడండి, ఆ పొడే. మా అమ్మాయి పరీక్షలో ప్రశ్న దాని మీదే ఇచ్చారు. అందుకని సాక్ష్యం వెంటబెట్టుకొచ్చాను.

ఇచ్చింది మీరు కాదా? పరీక్షల ఆఫీసు మీదే కదా, మరెవరు? సరే, మీకూ తెలీదు. అల్లాకే తెలియాలి.

చెప్తాను వినండి. నేను టాంటాలో ఆడపిల్లల బళ్ళో రసాయనశాస్త్రం చెప్తాను, నా పేరు ఇన్షిరాహ్. నుషాదిర్ అంటే అమ్మోనియం బైకార్బనేట్. వేడి తగిలిందా, మొత్తం విడిపోతుంది, గిన్నెలో చిటికెడు కూడా మిగలదు. అమ్మోనియా ఒకటి, కార్బన్ డయాక్సైడ్ ఒకటి, నీళ్ళు ఒకటి. డెబ్బై తొమ్మిది గ్రాములు వేస్తే మూడూ ఒక్కో మోల్ వస్తాయి. అంతవరకూ పేచీ లేదు. 'వచ్చిన వాయువునంతా సున్నా డిగ్రీల దగ్గర, మామూలు పీడనంలో కొలిస్తే ఎన్ని లీటర్లు?' అని కదా అడిగారు. అక్కడ ఒక మోల్ వాయువు ఇరవై రెండు పాయింట్ నాలుగు లీటర్లు. మీకూ గుర్తుండే ఉంటుంది, మర్చిపోనిస్తారా బళ్ళో?

మా అమ్మాయి షురూక్ రెండు వాయువులే లెక్కేసింది. నలభై నాలుగు పాయింట్ ఎనిమిది. మీ దగ్గరున్న జవాబేమో అరవై ఏడు పాయింట్ రెండు! అంటే మూడు వాయువులు. సున్నా డిగ్రీల్లో నీళ్ళు కూడా గాల్లో తేలుతున్నాయన్నమాట!

జనవరిలో టీ కాస్తే వంటింటి కిటికీ అద్దానికి చెమట పట్టదూ? ఏమిటది? ఆవిరి నీళ్ళయిపోవడమే కదా? ఆ మాత్రం చల్లటి అద్దానికే తట్టుకోలేనిది, సున్నాకి తట్టుకుంటుందా? ఉంటే గింటే లెక్కలోకి రానంత ఉంటుంది.

నవ్వకండి. నాకు నవ్వు రావడం లేదు.

మా ఊళ్ళో వగీహ్ అని ఒకాయన ఉన్నాడు. పెళ్ళి హాలంత గదిలో పిల్లల్ని కుక్కి, మైకు పట్టుకుని ట్యూషన్ చెప్తాడు. 'పిల్లలూ, సమీకరణంలో వాయువుకి గుర్తుగా పైకి చూసే బాణాలెన్ని? అన్నిసార్లు ఇరవై రెండు పాయింట్ నాలుగు! పొండి!' అంతే ఆయన చదువు. ఆయన పిల్లలందరికీ మార్కు పడింది. పడదూ మరి? బాణాలు లెక్కపెట్టడానికి బుర్రెందుకు?

మా వదిన పోరుతూనే ఉంది, పంపవే, అందరూ పంపుతున్నారు అని. నేనే పంపలేదు. కన్నతల్లిని టీచర్నై ఉండి, పిల్లకి మైకులోంచి చదువా? ఇంట్లో నేనే చెప్పుకున్నాను. 'ముందు ఉష్ణోగ్రత చూడవే. నీళ్ళు ఏ రూపంలో ఉన్నాయో చూడవే. తరవాతే గుణించు.' అన్నం పెట్టినప్పుడల్లా అదే పాట. చూసింది పాపం. చెప్పినట్టే చూసింది.

ఒక్క మార్కేగా అంటారేం బాబూ! వైద్య కళాశాల గీత సరిగ్గా ఆ మార్కు మీదే పడింది. వగీహ్ పిల్లలు అవతల, నా పిల్ల ఇవతల. రేపటితో సీట్లు అయిపోతాయి. అందుకే రైలెక్కి వచ్చాం.

ఏమన్నారు? కూడిక చూస్తారా? చూడండి, చూడండి.

కూడిక మాత్రమేనా? జవాబు కాగితంలో గళ్ళు నల్లబడ్డాయా, మార్కులు కలిపితే సరిపోయాయా, అంతేనా? మరి జవాబే తప్పయితే? అది వేరే కమిటీయా? ఎక్కడుంటుంది ఆ కమిటీ, ఏ అంతస్తు?

రద్దయిందా! ఎప్పుడు? పరీక్ష అయిన వెంటనేనా! శభాష్.

తీసుకోండి, మొహమాటపడకండి. సాక్ష్యాన్ని తింటే కేసు పెట్టను లెండి. బావుందా? పొడి ఎక్కువైందేమో అనుకున్నాను.

అమ్మాయి కింద మెట్ల మీదుంది. పైకి రానంది. రైల్లో ఒకే ఒక్క మాట అడిగింది. 'అమ్మా, నువ్వే రాసుంటే ఏం పెట్టేదానివి?' అని. నలభై నాలుగు పాయింట్ ఎనిమిదే అన్నాను. 'మరింకేం' అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నా మీద అరిచినా బావుండేది బాబూ. నువ్వు నేర్పబట్టే ఇలా అయిందని తిట్టినా బావుండేది.

శనివారం బడి తెరుస్తారు. పాఠం మొదలెట్టగానే ముందు బెంచీ పిల్ల లేస్తుంది, నాకు తెలుసు. 'అబ్లా టీచర్, రెండు వాయువులా, మూడా?' అంటుంది. మూడేనమ్మా అంటాను. బాణాలు లెక్కపెట్టుకోండి తల్లుల్లారా, కిటికీ అద్దాల వైపు చూడకండి అంటాను. ఇంకేం చెప్పను? వాళ్ళ తల్లుల్ని కూడా ఈ మెట్లెక్కించనా?

డబ్బా ఉంచుకోండి. అంతదూరం మళ్ళీ మోసుకుపోలేను.

ఆ, అయిందా కూడిక? సరిపోయిందా?

సరే. కూడిక సరిగ్గానే ఉందటమ్మా అని చెప్తాను దానికి.