ఊరివాగు

స్కాట్లండ్ కొండల్లో పటం గీయడానికి వచ్చిన సర్వే సిపాయి, వాగు ఒడ్డున నిలబడ్డ ముసలామె ముందు పుస్తకం తెరిచాడు.

“ఈ వాగు పేరేంటమ్మా?”

“ఆల్ట్ ఎ వాల. ఊరివాగు అని.”

“ఇక్కడ ఊరే లేదన్నాడే జమీందారు దివాను! పేరు లేని వాగని రాసుకోమన్నాడు.”

“మా ఇళ్లు తగలబెట్టి ఆ నేలలోకి మేతకు గొర్రెల్ని తోలించింది ఆయనే కదయ్యా!”

“మెల్లగా అనండి. ఆయన మనిషి గట్టు మీదే ఉన్నాడు. ఊరివాగని రాయాలంటే సాక్షి పేరు కావాలి. ఈ పుస్తకం దివాను చూస్తాడు. మీ గుడిసె ఉన్నది జమీందారు నేలలోనేగా?”



“గుడిసె పీకేస్తే మా చెల్లెలింట్లో పడుంటాలే. రాసుకో, నా పేరు ఓయ్‌రిక్ మెక్రే.”

సిపాయి గట్టువైపు ఒకసారి చూసి, కలం సిరాలో ముంచాడు.

“ఏ ఊరని రాయను?”

“ఏ ఊరేంటి నాయనా? ఇదే.”

అతను అలాగే రాశాడు.