గులాబీ మొగ్గల్లో టీకా

పెరటి కంచె దగ్గర, జింకలు కొరికేసిన గులాబీ కొమ్మల్ని అత్తగారు చూపిస్తోంది. అడవి జింకలకి వైద్యం చేసే అల్లుడు టీ కప్పుతో నిలబడి వింటున్నాడు.

"తెల్లారేసరికి మీ జింకలు ఈ వరసలో ఒక్క మొగ్గ మిగల్చలేదు."

"మొగ్గలే తిన్నాయా అత్తయ్యగారూ? ఆకులు వదిలేశాయా?"

"నేను ఏడుస్తుంటే మీ మొహం అలా వెలిగిపోతోందేంటి?"

"జింకల రక్తం తాగే పిడుదులు పోవడానికి టీకామందు చేశాం కదా. అది తిన్న జింకని కుడితే పిడుదు రాలిపోతుంది. దాణా ఉండల్లో కలిపి అడవిలో పెడితే, జింకలు వాసన చూసి వెళ్లిపోతున్నాయి."

"అలాంటిదే నా గులాబీలకీ ఒకటి చెయ్యకపోయారా, కొరికిన జింక పారిపోయేట్టు?"

"మీ మొగ్గల్లో పెడితే తింటాయనుకుంటా."

"అంటే నా తోట వాటికి మేపమంటారా?"

"చెవులనిండా పిడుదులు పట్టి, ఒంట్లో రక్తం లేక జింకపిల్లలు నిలబడలేకపోతున్నాయండీ."

ఆవిడ తోటంతా ఒకసారి కలియజూసింది.

"సరే, అవతలి వరసలో ఎర్రవి కోసుకోండి. తెల్లవాటి జోలికి మాత్రం రాకూడదు."

"జింకలకి ఎలా చెప్పనండీ?"

"వాటి సంగతి నేను చూసుకుంటాను. ముందు మీరు ఆ తెల్ల మొగ్గ వదలండి."