లిఫ్టు మెకానిక్కు బెలూనెక్కాడు

తెల్లవారింది. మైదానం నిండా రంగుల బెలూన్లు. ఒకదాని కింద, బుట్టలో నలుగురు: లిఫ్టు మెకానిక్కు, ఆయన భార్య, వాళ్ల కూతురు, బెలూను నడిపే పెద్దాయన.

"కళ్లు తెరువు నాన్నా!"

"తెరవను. లేవకముందే పైప్రాణాలు పైనే పోతున్నాయి."

"రోజూ అంతంత మేడలు ఎక్కి దిగుతావు కదా!"

"లిఫ్టుకి తలుపులుంటాయే! గోడలుంటాయి. దీనికేముంది? నన్ను కూరగాయల్లా బుట్టలో వేశారు మీ అమ్మా నువ్వూ."

"చూశావుటే మీ నాన్న వరస! జెయింట్ వీల్ అంటే, నువ్వెళ్లు, సంచులు నేను పట్టుకుంటానంటారు. కొండెక్కుదామంటే, చెప్పులకు కాపలా ఉంటానంటారు. ఈయన పుణ్యమా అని పెళ్లయిన దగ్గర్నుంచీ నేల మీంచి జానెడు లేవలేదు నేను."

"నేల విడిచి సాము చెయ్యొద్దని ఊరికే అన్నారా? అయినా వచ్చానుగా! ఎక్కుతానని మాటిచ్చాను, ఎక్కాను. కళ్లు తెరుస్తానని ఇవ్వలేదు."

"అమ్మో! ఏంటా చప్పుడు?"

"మంటమ్మా. గాలి వేడెక్కాలిగా. గట్టిగా పట్టుకోండి, కాస్త ఊగుతుంది."

"ఊగింది! ఊగిందే! లేచామా? లేచాం కదూ?"

"లేచామండీ! ఆహా, ఏం లేచాం!"

"అమ్మా, అదీ..."

"నువ్వుండవే! చూడండి... అదే, చూడకండి, నేను చెబుతాగా. ఇళ్లన్నీ అగ్గిపెట్టెల్లా ఉన్నాయి."

"మనిల్లు కనిపిస్తోందా?"

"ఎందుకు కనిపించదూ! డాబా మీద మీ నీలం చొక్కా కూడా కనిపిస్తోంది."

"ఇంత దూరం నుంచా?"

"నావి గద్ద కళ్లు. అదిగో నది! అదిగో రైలు, గొంగళిపురుగులా పాకుతోంది!"

"మన ఊరికి రైలెక్కడిదే?"

"పక్కూరిదై ఉంటుంది. అంత ఎత్తులో ఉన్నాం మరి!"

"బాబోయ్! పక్కూరు దాకానా! చిన్నీ, ఎందుకే ఆ కిచకిచలు?"

"ఏం లేదు... ఏం లేదు నాన్నా... నవ్వొస్తోంది..."

"అమ్మా, నాదొక్క మాట..."

"మీరు నడపండి పెద్దాయనా, మాటలొద్దు! ఏమండీ, భయం తగ్గిందా?"

"తగ్గింది. ఒట్టు, తగ్గిందే! లిఫ్టులో ఉండే కుదుపు కూడా లేదు, వెన్నలా పోతోంది. ఇన్నాళ్లూ ఊరికే హడలి చచ్చాను. ఒక్క కన్ను తెరవనా?"

"వద్దొద్దు! అంటే... తొందరేముంది?"

"ఒక్క కన్నే..."

"తెరిచారా? నది చూశారా? ఏమండీ?"

"చిన్నీ."

"ఊఁ?"

"మీ అమ్మ ఎప్పట్నుంచి కళ్లు మూసుకుని ఉంది?"

"నీకంటే ముందే నాన్నా."

"చెప్పేశావుటే, పిడుగా!"

"మరి ఆ నది? ఆ రైలు? నా నీలం చొక్కా?"

"నోటికొచ్చింది చెప్పానండీ! నాకూ భయమే. మీకంటే ఎక్కువ భయం. మా ఆయనకి భయం, మా ఆయనకి భయం అంటూ ఇన్నాళ్లూ మీ వెనక దాక్కున్నాను. ఇవాళ మీరు నా కోసం ఎక్కేసరికి ఇక దాక్కోవడానికి చోటు లేకపోయింది."

"ఓసి నీ దుంపతెగ! ఆ సంచులన్నీ వృథాగా మోశానా!"

"నవ్వకండి. పైన ఎలా ఉంది? నిజంగా నది ఉందా?"

"ఉంటే చెబుతాను. ఇక నుంచి చూడటం నా వంతు, వినడం నీ వంతు. చెయ్యి ఇలా ఇవ్వు."

"బాబూ, మరి దిగిపోతారా?"

"దిగడమా? ముందు లేవాలి కదా పెద్దాయనా! నేలకి కట్టిన ఆ తాళ్లు విప్పెయ్యండి, పక్కన వరసలో నిలబడ్డ వాళ్లంతా మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వుతున్నారు."